రెండో సూది

జూలై నెల, సోమవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు, సన్నని జల్లు. పుప్పాలగూడ వృద్ధాశ్రమంలో, నా గదిలో ఉండే మతిమరుపు మనిషి నరసింహంగారికి పగటి నర్సు ఇన్సులిన్ సూది సిద్ధం చేసింది.

"ఏడుంబావుకే రాత్రి నర్సు ఇచ్చిందమ్మా, రాసుకున్నాను. మళ్లీ ఇస్తే ప్రాణం పోతుంది," అని నేను అడ్డుపడ్డాను.

"నీ డైరీ చూసి మందులిస్తమా తాతా? చార్టుల టిక్కు లేదు. జర జరుగు."

సూది ఆయన పొట్టను తాకబోతుండగా చేతికర్రతో ఆమె మణికట్టుపై బలంగా కొట్టాను. మందుల ట్రే కిందపడి సీసాలు పగిలాయి, ఆమె వాటిపై పడింది. అరచేయి చీలి రక్తం కారింది. అరుపు విని పరుగెత్తుకొచ్చిన సెక్యూరిటీ గార్డు తోసిన తోపుకు నా నుదురు మంచానికి తగిలి చిట్లింది.

అప్పటికే ఇంటికెళ్లిన రాత్రి నర్సును అడిగితే ఫోనులో ఒప్పుకుంది: "ఇచ్చిన. టిక్కులన్నీ చివర్ల ఒక్కసారే పెడదామని మరిచిన."

ఆడపిల్లపై చేయెత్తడం డెబ్బై ఎనిమిదేళ్లలో అదే మొదలు, క్షమాపణ కోరాను. కుట్లు ఆమెకు నాలుగు, నాకు మూడు. నరసింహంగారికి ఆ ఉదయం పడిన సూది ఒక్కటే.