తొమ్మిదో అంతస్తు కోసం దున్నిన నేల

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ ఎంత ఎత్తంటే, తొమ్మిదో అంతస్తులో మేం ఆరేసిన బట్టలు తడిసి ముద్దయ్యాక గానీ కింది అంతస్తులకు వాన కబురు అందదు. టవర్ల వెనక బిల్డర్ ఏమీ కట్టకుండా మర్చిపోయిన జాగా ఒకటుంది. నాలుగు కార్లు పెడితే ఐదో కారుకు చోటుండదు. నేను దాన్ని ఆఫీసులో "మా పొలం" అనేవాణ్ణి. ఎర్ర నేల, సెల్లార్ గోడ వైపు వాలు.

అక్కడ కూరగాయలు పండిస్తానని అసోసియేషన్‌ను ఏడాది పాటు పీడించాను. చివరికి సెక్రటరీ గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఆయనది గోదావరి తీరం, తిట్టినా చివర "అండి" తగిలించే తిడతారు. పైనుంచి చూస్తే చాళ్లు స్కేలు పెట్టి గీసినట్టుండాలన్నదే ఆయన షరతు. నిజమే మరి, పొలాన్ని గట్టు మీద నిలబడి చూసేవాళ్లు మాలో ఎవరున్నారు? అందరూ దాని నడినెత్తి చూసేవాళ్లే.

మా ఆవిడది అనంతపురం వైపు. వాళ్ల ఊళ్లో వాన చుట్టపు చూపుగా వస్తుంది గనుక, వచ్చినదాన్ని పోనివ్వకుండా పట్టుకోవడం పుట్టుకతోనే నేర్చుకుంటారు. వాలుకు అడ్డంగా దున్నమంది. అలా దున్నితే బాల్కనీకి వంకరగా కనబడుతుంది, షరతు తప్పుతుంది.

పవర్ టిల్లర్ కిరాయికి తెచ్చాం. సెక్రటరీ గారు బాల్కనీలో నిలబడి, వీడియో కాల్‌లో "కొంచెం ఎడమకండి, ఇప్పుడు కుడికండి" అంటూ విమానాన్ని దించినట్టు నన్ను వాలు మీదుగా గోడ దాకా దించారు. ఒక్కసారి చాలదని మళ్లీ మళ్లీ తిప్పించి మట్టిని రాగిపిండి చేయించారు. చాళ్లు ఎంత తిన్నగా వచ్చాయంటే, సెక్రటరీ గారు పైనుంచి తీసిన ఫోటో చూసి మా హైటెక్ సిటీ ఫ్లైఓవర్లు సిగ్గుతో వంగిపోయాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపంతా చప్పట్ల బొమ్మలే.

మా ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు. "వాననీళ్లకు రోడ్డేసినావు. ఇంగ చూడు," అంది.

మొదటి వాన టీ చల్లారేంత సేపే కురిసింది. నీళ్లు ప్రతి చాలులోనూ ఔటర్ రింగు రోడ్డు మీద పోతున్నట్టు పోయాయి. దారిలో నా మట్టినీ, బెండ గింజల్నీ ఎక్కించుకుని సెల్లార్‌లో దిగాయి. తెల్ల కార్లన్నీ ఎర్ర కార్లయ్యాయి. సెక్రటరీ గారి కొత్త కారు టైరు మీద బెండ మొలిచిందన్న పుకారు కూడా పుట్టింది. దాన్ని పుట్టించినవాడు ఎవరో నేను చెప్పను.

అంత నీరు పారినా, పైన పిండి మట్టి అప్పడంలా పెచ్చు కట్టింది. మా ఆవిడ పుల్లతో దాన్ని లేపి చూపించింది. రెండు వేళ్ల లోతున నేల పొడిగా, దాహంగా ఉంది.

సాయంత్రం మీటింగ్‌లో సెక్రటరీ గారు తీర్పు చెప్పారు. "ఇంకొక్కసారి సెల్లార్‌లోకి మట్టి వచ్చిందంటే, సిమెంటు పోసి పికిల్‌బాల్ కోర్టు కట్టేయడమేనండి." బ్యాటు అప్పటికే కొనేశారు.

ఆదివారం పొలం మా ఆవిడ చేతికి పోయింది. మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల పైపు తెచ్చి, ఎత్తు సమంగా ఉన్న చోటల్లా ముగ్గు పోస్తూ వెళ్లింది. వెనకాల పార పట్టుకుని నేను.

"ఏందే, గిట్ల పాము పోయినట్టు పోతున్నది?" అన్నాను.

"నేల యాడ తిరిగితే సాలు ఆడ తిరగల్ల. నీ బాల్కనీ సంగతి నేలకేం తెల్సు?"

టిల్లర్‌ను గేటు దాటనివ్వలేదు. మట్టిగడ్డలను గడ్డలుగానే ఉంచింది. గోంగూర గింజలు చల్లి, లాన్‌లో కోసిన గడ్డి, ఎండుటాకులు తెచ్చి నేలకు దుప్పటి కప్పింది. పైకెళ్లి చూస్తే, ఎవరో రాక్షసుడు రిజిస్ట్రేషన్ ఆఫీసనుకుని వేలిముద్ర వేసిపోయినట్టుంది.

రెండో వాన నల్లగండ్ల వైపు నుంచి గేదెల మందలా వచ్చింది. సెల్లార్‌లో జనం పెళ్లి భోజనాలకు వచ్చినట్టు చేరారు. సెక్రటరీ గారి చంకలో బ్యాటు. నా గుండె చప్పుడు హఫీజ్‌పేట్ స్టేషన్‌లో రైలొచ్చిందనుకునేంత గట్టిగా ఉంది. వాన కుండపోతగా పడింది. గోడ కింద నుంచి సన్నటి ధార ఒకటి బయటికొచ్చింది. అందరం ఒక్కసారే వంగాం, తలలు ఢీకొన్నాయి. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. సెక్రటరీ గారు చెప్పు కాలితో కెలికి చూశారు. మట్టి రేణువు లేదు.

గొడుగులేసుకుని టవర్ల వెనక్కి, పొలం దగ్గరికి పరుగెత్తాం. ప్రతి వంకర చాలులోనూ నీళ్లు కదలకుండా నిలబడి, తాపీగా నేలలోకి దిగుతున్నాయి.

మర్నాడు గ్రూపులో ఆ వేలిముద్ర ఫోటో కనబడింది. కింద "మన కొత్త డిజైన్" అని ఉంది, పెట్టినవారు సెక్రటరీ గారు. మా గోంగూర మొలకెత్తాక ఆయనే మా తలుపు తట్టారు. చేతిలో బ్యాటు లేదు.

"అమ్మా, మాకూ ఓ చాలు ఇస్తారేంటండి? నాలుగు గోంగూర మొక్కలేసుకుంటాం."

"ఇస్తాంలే అన్నా," అంది మా ఆవిడ. "ఫోను పైనే పెట్టేసి, పార ఎత్తుకోని కిందికి రాల్ల మరి."