నరసమ్మ మానేసిన చేప

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన ఏడాది, వానాకాలంలో నన్ను రాజోలు వైపు ఒక ప్రభుత్వాసుపత్రికి డైటీషియన్‌గా వేశారు. మందులు రాసే అధికారం నా పైనున్న ఫిజీషియన్ గారిది, తిండి రాసే అధికారం నాది. రోగి తినేదాన్ని అడిగి తెలుసుకుని, గరిటెలను గ్రాముల్లోకి మార్చి, లోటు చెప్పాలి. నా కొలువంతా కొలవడమే. వార్డులో నా పేరు 'ఇడ్లీ డాక్టరమ్మ'. ఇడ్లీ పరువు పోతుందేమోనని నాకే మొహమాటంగా ఉండేది.

అంతర్వేది నుంచి నరసమ్మను కోడలు మంగ తీసుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చేపలు ఎండబెట్టే పని. వేలికి గుచ్చుకున్న చేపముల్లు పుండై మానడం లేదు. మాటిమాటికీ దగ్గు, జ్వరం. షుగరు లేదని తేలాక ఫిజీషియన్ గారు నా దగ్గరికి పంపారు.

వయసు మీదపడితే రోగనిరోధక శక్తి మందగిస్తుంది. తిండి తగ్గుతుంది, తిన్నదాంట్లోని జింకు వంటి సూక్ష్మ ఖనిజాలూ సరిగా ఒంటబట్టవు. కావలసింది చిటికెడే అయినా, అది లేకపోతే రక్తంలోని తెల్లకణాలు చురుగ్గా పనిచేయవు, పుండు త్వరగా మానదు. జ్వరంలో జింకు ఎలాగూ తగ్గి కనిపిస్తుంది కనుక రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్మలేం. తిండి ఆరా తీయాల్సిందే.

అన్నం, చారు, టీ అని చెప్పింది నరసమ్మ.

"చేపల మధ్యే ఉంటారు కదా, రోజూ ఓ ముక్క తినండి" అన్నాను, లెక్క సులువుగా తేలిందని సంబరపడి.

"తిననండి. మా పెద్దోడు సముద్రం మీద ఏటకెళ్ళి రాలేదండి. వచ్చేదాకా చేప ముట్టనని సామికి మొక్కేనండి."

ఎన్నాళ్ళయిందని అడిగితే మంగ చెప్పింది. "అప్పుడు మా పిల్ల కడుపులో ఉందండి. ఇప్పుడు ఎనిమిదో క్లాసండి." అత్తవైపు తిరిగింది. "తినెయ్యి అత్తా. నీకన్నా ఎక్కువా మొక్కు?"

నరసమ్మ కోడలి నుదుటివైపు చూసింది. "నేను తింటే ఆడు లేడని ఒప్పుకున్నట్టే కదే. మరి నీ బొట్టో?"

మంగ నుదుటి చెమటను బొట్టు చెదరకుండా తుడుచుకుంది.

గుడ్డు, వేరుశనగ, మొలకెత్తిన పెసలు రాశాను. భోజనంతో టీ వద్దన్నాను. ఫిజీషియన్ గారు జింకు బిళ్ళలు కొద్దికాలానికే రాశారు, ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గుతుంది. నరసమ్మ బిళ్ళను తిప్పి చూసి, "ఇందులో చేప లేదు కదండీ?" అంది. లేదన్నాను. "ఆయ్" అని కొంగున ముడేసుకుంది.

కొన్నాళ్ళకు వేలు చూపించడానికి వచ్చింది. "చేప లేకుండానే మానిందండి!"

"మానడం మీ దగ్గరే నేర్చుకోవాలండీ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

చలికాలంలో నిమోనియా వచ్చింది. వేలికి సరిపోయిన తిండి ఊపిరితిత్తులకు చాలలేదు. ఆ వయసులో చేప తిని ఉన్నా సరిపోయేదని చెప్పలేను. నరసమ్మ మా వార్డులోనే పోయింది.

మరణ ధ్రువపత్రం పనిమీద వచ్చిన మంగను, పెద్దదినం నాడు ఆవిడకు ఇష్టమైనవన్నీ పెట్టారా అని అడిగాను.

"అన్నీ పెట్టేనండి. చేప తప్ప. ఆయనింకా రాలేదు కదండీ" అంది. నుదుట బొట్టు ఉంది.

ఏం తింటారని అడగడం మాకు చదువులో నేర్పారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏం మానేశారు, ఎందుకు మానేశారు అని కూడా అడిగేదాన్ని. ఆ జవాబు విన్నాకే తిండి రాసేదాన్ని.