ప్రార్థన అంశం

మా సంఘంలో పెళ్లి కాకపోతే యూత్. పద్దెనిమిదేళ్ల పిల్లా యూతే, ముప్ఫై మూడేళ్ల నేనూ యూతే. నాకంటే ఐదేళ్లు చిన్నవాడు ఒకడు పెళ్లి చేసుకున్న మరుసటి ఆదివారానికే పెద్దమనిషైపోయి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "యూత్, ఆ ఫ్యాన్ కొంచెం ఇటు తిప్పండి" అన్నాడు. తిప్పాను. యూత్ సెక్రటరీని మరి, తిప్పక చస్తానా.

బెంగళూరు కుందలహళ్ళిలో ఒక హార్డ్‌వేర్ కొట్టు పైన, రెండో అంతస్తులో అద్దె హాలు మాది. ఆదివారం పదకొండున్నరకల్లా ఖాళీ చేసి తమిళ సంఘం వాళ్లకి అప్పగించాలి. అందుకని యూత్ అందరూ ఏడింటికే రావాలి. కుర్చీలు వేయాలి, కీబోర్డు మెట్ల మీదుగా మోయాలి, వైర్లు లాగాలి, పాటలు తెర మీద కనబడేలా స్లైడ్లు పెట్టాలి, ఊళ్లలో ఉన్నవాళ్ల కోసం ఫోను స్టాండుకి తగిలించి లైవ్ పెట్టాలి, ఆఖర్న టీ కప్పులు ఏరాలి. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం, ఆయన భార్యని అమ్మగారు. అయ్యగారు నెలకోసారైనా "యవ్వనస్థులే సంఘానికి వెన్నెముక" అనేవారు. వెన్నెముకకి నోరుండదన్న సంగతి నాకప్పట్లో తట్టలేదు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టేదాన్ని.

కమిటీలో మావాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా అని ఒకసారి సంఘపెద్దని అడిగాను. ఆయనది దేవనహళ్ళి దగ్గర పాతకాపురం, ద్రాక్షతోట ఉంది. "మీకింకా శానా వయసుండాదమ్మా. ముందు పని చేయండప్పా, మాట్లాడేదానికి మేముండాం కదా" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

మా దగ్గర పాటలు నడిపించే అమ్మాయి ఒకతె ఉండేది. ఇరవై నాలుగేళ్లు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, పీజీలో మకాం. వాళ్ల నాన్న ఒంగోలు అవతల ఒక పల్లెలో చర్చి పెద్ద. కూతురు మైకు పట్టుకుంటే చాలు, ఆయన అక్కడ ఫోన్లో లైవ్ పెట్టి పదిమందికి తిప్పి చూపిస్తాడట. స్లైడ్లు తయారుచేసేది కూడా ఆ అమ్మాయే.

ఒక మంగళవారం ఆఫీసయ్యాక ఇద్దరం దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగుతున్నాం. ఉన్నట్టుండి అంది.

"అక్కా, దేవుడున్నాడని నాకు అనిపించట్లేదు. సిక్స్ మంత్స్ అయింది. ఏమీ జరగలేదు, ఊరికే అలా ఖాళీగా ఉంది. పాడుతుంటే నా వాయిస్ నాకే ఏదో యాడ్‌లా వినిపిస్తోంది. కొన్నాళ్లు మైక్ పట్టుకోకుండా బ్రేక్ తీసుకోనా?"

నేను ఏదో అనబోయాను. ఆపేసింది.

"ఎవరికీ చెప్పకక్కా, ప్లీజ్. నాన్నకి తెలిస్తే తట్టుకోలేడు. నేనే మెల్లగా, ఊరెళ్లినప్పుడు చెప్పుకుంటా."

"చెప్పను" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

మా సంఘం గురించి తెలియనివాళ్లకి ఒక ఆచారం చెప్పాలి. మా దగ్గర చాడీలు చెప్పడం పాపం. కానీ "ప్రార్థనలో పెట్టండి" అని ముందు ఒక మాట తగిలించి ఎవరి గుట్టయినా ఎవరికైనా చెప్పొచ్చు. అప్పుడది చాడీ కాదు, ప్రార్థన అంశం. ఎవరి అల్లుడు తాగుతాడో, ఎవరి కోడలు పుట్టింట్లో ఎందుకుందో, ఎవరికి ఏ పరీక్ష రిపోర్టు వచ్చిందో నాకు ఇలాగే తెలిసింది. నోట్లో నువ్వుగింజ నానని మనుషులకి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎక్కడ దొరుకుతుంది?

గురువారం అమ్మగారు ఫోన్ చేశారు. రెండో శనివారం ఉపవాస ప్రార్థన. "యూత్ తరఫున ఏమైనా అంశాలున్నాయామ్మా?" అని అడిగారు. ఉద్యోగాలు, వీసాలు, పెళ్లి సంబంధాలు చెప్పాను. "అంతేనా?" అన్నారు. ఆ "అంతేనా" దగ్గర నేను చిన్నబోయాను. నా దగ్గరా బరువైనది ఒకటుందని చూపించుకోవాలనిపించింది. చెప్పేశాను. అమ్మాయి మంచి కోసమే చెబుతున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. అమ్మగారు "అయ్యో" అన్నప్పుడు నాకు లోపల బాగుండింది.

"మన ఇద్దరి మధ్యే ఉంచండి" అని కూడా అన్నాను.

శనివారం ఇరవైమంది ఆడవాళ్లం మోకరించాం. అమ్మగారు కళ్లు మూసుకుని మైకు పట్టుకున్నారు. "ప్రభువా, నీ సన్నిధిలో పాటలు పాడే బిడ్డే నీవు లేవంటోంది తండ్రీ. ఏ సహవాసంలో పడిందో, ఎవరి మాయలో ఉందో నీకే తెలుసు." పేరు చెప్పలేదు. పాడేది ఒక్కతే అయినప్పుడు పేరెందుకు? అదృష్టం కొద్దీ ఆ పిల్ల ఆ రోజు షిఫ్టులో ఉంది.

రెండింటికి ఉపవాసం విడిచాక టమాటా బాత్ వడ్డించారు. మొదటి వాయికి ఆ అమ్మాయికి దేవుడు లేడు. రెండో వాయికి ఎవడో హిందూ అబ్బాయి వచ్చాడు. పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి వాడితో ఒకే ఇంట్లో ఉంటోంది.  గిన్నె పట్టుకుని అందరికీ వడ్డించింది నేనే, అది యూత్ పని కాబట్టి.

సోమవారం సంఘపెద్ద ఫోన్ చేశాడు. "ఆ పాప ఇంక పాడేది వద్దమ్మా. నమ్మకం లేనోళ్లు స్టేజీ ఎక్కేది బాగుండదు. స్లైడ్లు మాత్రం ఆ పాపనే చేయమను. అది ఇంకెవరికీ రాదు కదప్పా."

నోరు పాపిష్ఠిదట, చేతులు మాత్రం పవిత్రమట! అలాగని ఆయనతో అనలేదు. "సరే అంకుల్" అన్నాను.

ఆ కబురు ఫోన్లో ఆ అమ్మాయికి మోసింది నేనే. 

"నువ్వు చెప్పావా అక్కా?"

"ప్రార్థన కోసమే" అన్నాను.

"నాన్నకి గొంతు నొప్పని చెప్తాలే" అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు నేను ఆ సంఘానికి వెళ్లడం లేదు. అది గొప్పగా చెప్పుకోను. తిలా పాపం తలా పిడికెడు అంటారు కానీ, ఇందులో నాది పిడికెడు కాదు, గంపెడు.

ఆ వారం ఆదివారం కూడా ఆ అమ్మాయి ఏడింటికే వచ్చింది. లాప్‌టాప్ ముందు కూర్చుని, తనని పాడనివ్వని పాటల్ని ఒక్కొక్కటే తెర మీదికి పంపింది. ఎవరో శ్రుతి తప్పి పాడుతున్నారు. నేను ఆమె వైపు చూడకుండా కుర్చీలు సర్దుతూ తిరిగాను.

వాక్యం చెప్పడం అయ్యాక అయ్యగారు గొంతు తగ్గించారు. "ఈ దినాల్లో యవ్వనస్థుల మీద గొప్ప పోరాటం ఉంది. మన మధ్యే ఒక బిడ్డ విశ్వాసం కోల్పోయింది. ముందుకు రామ్మా." ఆయన వేలు లాప్‌టాప్ బల్ల వైపు చూపించింది. అరవై తలలు అటు తిరిగాయి. రాకపోవడానికి దారి లేదు. వచ్చి మోకరించింది.

"యూత్ సెక్రటరీ, నువ్వూ వచ్చి చెయ్యి వెయ్యమ్మా."

లైవ్ నడుస్తున్న ఫోను నాకు రెండడుగుల్లో ఉంది. ఆపేయొచ్చని తోచింది. తోచలేదని అబద్ధం చెప్పను. దాన్ని దాటుకుంటూ వెళ్లి ఆమె తల మీద చెయ్యి వేశాను. తలస్నానం చేసినట్టుంది, జుట్టు ఇంకా తడిగా ఉంది. చుట్టూ కేకలు మొదలయ్యాయి. అయ్యగారు ఆమెలోని అవిశ్వాసపు ఆత్మని పొమ్మని గద్దిస్తున్నారు.

అంతలో ఆమె గుప్పిట్లో ఫోను వణికింది. "నాన్న" అని ఉంది.

"అక్కా, చెయ్యి తియ్యి" అంది మెల్లగా.

విన్నాను. అయ్యగారు ఆమేన్ అనేదాకా తియ్యలేదు.