కమలాపురంలో దొరకని ఈగ

మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండరుగా పనిచేసి రిటైరైన చాచా పోయారని మొన్న శుక్రవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో చూశాను. ఆ కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. ఆయన విషయంలో నేను చెప్పాల్సింది ఒక బొమ్మతో తీరేది కాదు. ఇన్నేళ్లూ నోరు మూసుకుని దాచింది ఇక్కడ రాస్తున్నాను. చదివాక మీకూ నా మీద అసహ్యం వేస్తే తప్పు మీది కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు ప్రతిదానికీ కడుపులో తిప్పుతుంది. మెడిసిన్ సీటు రాక జువాలజీలో పడ్డదాన్ని. చేపను కోసి చూపిస్తూ ఊపిరి బిగబట్టి పాఠం చెప్పే లెక్చరరు మా కడప జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. చాచాకు అది మొదటి వారంలోనే తెలిసిపోయింది. కోసే పని ఆయన తీసుకున్నారు, పేర్లు చెప్పే పని నాకు మిగిల్చారు. పేగుల్ని వేళ్లతో పొందిగ్గా సర్ది పెట్టి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, అప్పుడు నాకు టీ అందించేవారు. కడుగుతున్నట్టు నాకు వినపడాలని కుళాయి పూర్తిగా తిప్పేవారు.

మా హాస్టల్ మరుగుదొడ్ల వెనక ఒక గుంత ఉంది. ట్యాంకు నిండి పొర్లేదంతా అందులోకే చేరుతుంది. నల్లటి నీళ్లు, వాటి మీద జిగటగా ఒక తెట్టు. గాలి ఇటు తిరిగిన రోజు స్టాఫ్‌రూములో ఎవరమూ అన్నం డబ్బా మూత తీసేవాళ్లం కాదు. ఒకరోజు చాచా ఆ గుంతలోంచి మగ్గుతో నీళ్లు ముంచుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల బూడిదరంగు పురుగులు. ఒక్కోదానికి ఎలుక తోకలాంటి పొడుగాటి తోక. ఆ తోక కొసను నీటి పైకి పెట్టి గాలి పీల్చుకుంటున్నాయి. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచి ఛీ అన్నాను. తీసుకుపొమ్మని అరిచాను కూడా. ఆయన మగ్గు మీద అరచెయ్యి మూశారు.

"ఛీ అనాకండి మేడమ్. ఇవి రెక్కలొచ్చినాక శానా బాగుంటాయి."

ఏమవుతాయో ఆయన అప్పటికే చూశారు. గుంత పక్కన పిచ్చిమొక్కల పూల దగ్గర, దారం కట్టి వేలాడదీసినట్టు గాల్లో ఒకేచోట నిలబడే ఈగలవి. పిల్లలు తేనెటీగలనుకుని పారిపోతారు. మా పుస్తకాల్లో వాటిని హోవర్ ఫ్లై అంటారు. మామూలుగా ఈ రకం వాటికి కళ్ల మీద చుక్కలుంటాయి. వీటికి చుక్కలు కాదు, ముగ్గేసినట్టు గీతలున్నాయని చాచా పట్టుపట్టారు. ఆయన పట్టి తెచ్చినవి చూస్తే కళ్లు ఉత్త గోధుమరంగు. చచ్చి ఎండితే ఆ ముగ్గు మాసిపోతుందన్నది తర్వాత నాకు అర్థమైంది. బతికున్నదాన్ని చూడాలి, పట్టినవేమో సీసాలో నిలవడం లేదు, అంటే పురుగుల్ని పెంచాలి. ల్యాబ్‌లో మాత్రం కుదరదని నేను కచ్చితంగా చెప్పేశాను.

ఆయన పాత ఊరగాయ జాడీలో ఆ నీళ్లు పోసి తన మిద్దె మీద పెట్టుకున్నారు. ఇంట్లోవాళ్లు తిట్టారు, పక్కింటివాళ్లు గొడవకొచ్చారు. మొదట్లో పురుగులన్నీ చచ్చిపోయాయి. ముదిరినవి జాడీ గోడ ఎక్కబోయి జారి పడుతున్నాయని గమనించింది ఆయనే. పగిలిన కుండ పెంకును నీళ్లలోంచి పైకి ఏటవాలుగా పెట్టి, పై కొసన పొడి మన్ను పోశారు. అవి పాక్కుంటూ ఎక్కి ఆ మన్నులో గూడు కట్టాయి. నేను ఆశ్చర్యపోతే ఆయనకు నవ్వొచ్చింది.

"గబ్బులోనుంచి పైకి రావాలంటే మెట్టుండాల గదా మేడమ్, యాడనుంచి ఎక్కుతాయి?"

ఒక పొద్దున సీసాలో బతికున్న ఈగ వచ్చింది. మైక్రోస్కోపు కింద దాని కళ్ల మీద గీతలు మెలికలు తిరిగి ఉన్నాయి, మా అమ్మ వేసే ముగ్గుకన్నా పొందికగా. ఆ సీసా ఎక్కడ నుంచి వచ్చిందో, ఆ నీళ్లు ఎవరివో ఆ కాసేపు నాకు గుర్తు రాలేదు.

తర్వాత రెండేళ్లు దాని వర్ణన రాశాను. రెక్కలో ఈనెల వంపు, వెనక కాలి తొడ మీద వెంట్రుకలు, మగదాని పొట్ట చివరి భాగం. ఈగల గురించి తెలిసినవాళ్లకు పంపితే ఇది లోకానికి కొత్త జాతేనన్నారు. కొత్త జాతికి ఆధారంగా నిలిచే ఈగను సూదికి గుచ్చి, దాని కింద చిన్న చీటీ గుచ్చుతారు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు పట్టారు. మా ప్రిన్సిపాల్ ఆ చీటీ సంగతి విని ముఖం చిట్లించాడు. మన హాస్టల్ దొడ్ల వెనక దొరికిందని ప్రపంచానికి చాటుకుంటామా అన్నాడు. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఆయన అడక్కపోయినా చోటు మార్చే రాసేదాన్నేమో. ఆ గుంత పక్కన నా పేరు ఉండటం నాకే ఇష్టం లేదు. కమలాపురం దగ్గర, నది ఒడ్డున, పూల మీద అని రాశాను. పట్టినవారు అన్నచోట నా పేరు వేసుకున్నాను. సన్మానం జరిగింది. శాలువా నాకు కప్పారు. కుర్చీలు వేసింది చాచా.

ఆ మరుసటేడు ఎండలు మండే నెలలో పైరాష్ట్రం నుంచి ఒక పరిశోధకుడు ఈ ఈగ కోసం వచ్చాడు. నా వ్యాసం నమ్మి వచ్చాడు. వల మోయడానికి చాచాను తోడు పంపాను. మూడు రోజులు ఇద్దరూ కమలాపురం దగ్గర ఇసకలో తిరిగారు. మూడో సాయంత్రం ఆ మనిషి మాడిపోయిన ముఖంతో వచ్చి, బహుశా ఈ జాతి అప్పుడే అంతరించిపోయిందేమోనని బాధపడ్డాడు. కిటికీ తెరిస్తే గుంత కనపడే గదిలో కూర్చుని నేను ఆయనకు బిస్కెట్లు పెట్టాను, నిజమేనేమోనండీ అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా నాలుక మీద చేదుగా ఉంది. ఏ మురుగూ నాకంత వెగటు పుట్టించలేదు.

ఆయన బస్సెక్కాక చాచా వల మూలన పెట్టి నా దగ్గరికొచ్చారు.

"ఆ సారు శానా తిరిగినాడు మేడమ్. ఈగ పుట్టింది ఈడైతే, ఆడ ఎతికితే యాడ దొరుకుతాది?" చొక్కాకంటిన ఇసక దులుపుకుంటూ, "మీరు చెప్తారనుకొని నేను చెప్పలే" అన్నారు.

తన పేరు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తుంటే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి నాకొక సాకు దొరికేది. రిటైరయ్యేదాకా ఆయన ఎప్పటిలాగే నాకు వినపడేలా చేతులు కడిగి టీ ఇచ్చారు. నేను ఆయన కళ్లలోకి చూడటం మానేశాను.

పోయిన కబురు వచ్చిన రోజు స్టాఫ్‌రూములో మౌనం పాటించాం. మధ్యలో ఎవరిదో ఫోను మోగింది. చాచా చాలా శుభ్రమైన మనిషి అని ఒకాయన అన్నాడు, అంతే. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. కోడలు నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లింది. నీడపట్టున ఆ జాడీ అలాగే ఉంది. లోపల నల్లటి నీళ్లు, నీటి పైన కదులుతున్న తోకలు, ఏటవాలుగా పెంకు. పెంకు మీద మన్ను కొత్తది.

"మామ దినామూ చూసుకునేటోడు. ఎవురన్నా అడుగుతూ వస్తారనేటోడు" అంది ఆ అమ్మాయి. "మాకు గబ్బు ఓర్చుకోలేకుండా ఉండాది. పారబోసేదా మేడమ్?"

వద్దన్నాను. జాడీని ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నాను. గతుకుల్లో నీళ్లు చిమ్మి నా చీర మీద పడ్డాయి. ఆటో అతను ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఛీ అన్నాడు. నేను మాత్రం జాడీని ఒళ్లోంచి దింపలేదు.

నిన్న నా వ్యాసం అచ్చేసిన పత్రికకూ, సూదికి గుచ్చిన ఆ ఈగను దాచిన మ్యూజియానికీ ఉత్తరాలు రాశాను. హాస్టల్ మరుగుదొడ్ల వెనక గుంత అని రాశాను. పట్టినవారు, పెంచినవారు అన్నచోట చాచా పేరు రాశాను, సర్వీసు పుస్తకంలో ఉన్నట్టు తండ్రి పేరుతో సహా. మా పనిలో ఒక పద్ధతి ఉంది. సూదికి గుచ్చిన పాత చీటీని, తప్పైనా సరే, తీసి పారేయకూడదు. దాని కింద కొత్తది గుచ్చాలి. కాబట్టి నా అబద్ధం నా పేరుతో అక్కడే ఉంటుంది, కింద ఆయన పేరు ఉంటుంది. చూసినవాళ్లు రెండూ చదువుతారు.

జాడీ ఇప్పుడు ల్యాబ్‌లో నా బల్ల మీద ఉంది. వాసన వరండా దాకా వస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఈ పొద్దున ఒక ముదురు పురుగు పెంకు ఎక్కడం మొదలుపెట్టింది. ఇది రాసేసరికి సగం దూరం వచ్చి ఆగింది. తోక ఇంకా ఆ నీళ్లలోనే ఉంది.