ఎడమ చెయ్యి కనబడే వైపు

గిటారు కచేరీకి పోతే నేను ఎప్పుడూ కుడి పక్కన కూర్చుంటాను. వాయించేవాళ్ల ఎడమ చెయ్యి అక్కడినుంచే బాగా కనబడుతుంది. కుడి చెయ్యి మోగించడం వరకే, అసలు కథంతా ఎడమ చేతిది. హైదరాబాదులో పేరుమోసిన వాళ్లను చాలామందినే విన్నాను. ఒకాయన వేళ్లు కదిలీ కదలనట్టుండేవి, ఇంత పాట ఎక్కడినుంచి వస్తోందా అని వెతుక్కోవాల్సి వచ్చేది. ఇంకొకాయన వాయించడం ఆపేసి, తీగ పూర్తిగా సద్దుమణిగేదాకా మాతోపాటు తనూ చెవి ఒగ్గి విన్నాడు. వాళ్లందరూ నాకు ఇష్టమే. ఎక్కడ కూర్చోవాలో నేర్పింది మాత్రం మా అమ్మ.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా బోరు మోటారు కాలిపోయింది. మా బాపు గొర్లను తోలుకొని వలస పోయి ఉన్నాడు. నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి కాబట్టి మోటారు బాగుచేయించే పని నా మెడకు పడింది. వైండింగ్ షాపులో గోడ మీద, కాలిన రాగి తీగ చుట్టల మధ్య, ఒక గిటారు వేలాడుతోంది. ఫోనులో తప్ప నేను గిటారును చూడడం అదే మొదలు.

"జర వాయించన్నా" అని మెకానిక్‌ను అడిగాను.

"ఈడ వాయిస్తె గిరాకి పోతది. ఐతారం చర్చిల వాయిస్త, వచ్చి ఇను" అన్నాడు తల ఎత్తకుండానే.

వెళ్లాను. తెలియక చెప్పులతోనే లోపలికి నడిచాను. పాస్టరు నా కాళ్ల వైపు చూసి, "ఎందుకొచ్చినా మంచిదే బిడ్డా, చెప్పులు మాత్రం బయట ఇడువు" అన్నాడు. చాపల మీద ఎడమ పక్క మగవాళ్లు, కుడి పక్క ఆడవాళ్లు కూర్చున్నారు. మూడో పాటలో మెకానిక్ వాయిస్తున్న ఒక స్వరం ఉన్నట్టుండి పైకి సాగి, అక్కడ వణికి, మెల్లగా దిగింది. అచ్చం మనిషి ఏడుపే. గిటారుకు మెట్లుంటాయి కదా, మెట్టుకూ మెట్టుకూ నడుమనున్న ఆ చోటికి ఈయన ఎలా పోయాడు? చూద్దామంటే గిటారు మెడ ఆడవాళ్ల వైపు తిరిగి ఉంది. నాకు కనబడేది కుడి చెయ్యే.

బయట మెకానిక్‌ను అడిగితే, "చూస్తె నీకే ఎరికైతది" అని నవ్వాడు. కనబడితే కదా చూసేది. పోయి ఆడవాళ్లలో కూర్చోలేను. పట్టుదలకు పోయి ప్రతి ఆదివారం వెళ్లడం మొదలుపెట్టాను. ఇంట్లో "టౌన్ల పనుంది" అని చెప్పేవాణ్ణి. అలా ఏడాది గడిచింది.

ఊరి నోటికి మూత పెట్టలేం. చర్చి గడప దగ్గర నన్నెవరో చూశారు, మతం పుచ్చుకున్నానని నాలుగూళ్లు చెప్పుకున్నాయి. సరిగ్గా అప్పుడే నాకొక సంబంధం కుదిరేలా ఉంది. పెళ్లిచూపుల్లో ఎదురు నన్నే ప్రశ్నలడిగిన పిల్ల నాకెంతో నచ్చింది. వచ్చే సోమవారం వస్తామని, ఆ సంగతేదో తేల్చాలని పిల్ల తండ్రి కబురు పంపాడు.

"నిజం చెప్పు, మారినవా?" అంది అమ్మ.

"లేదమ్మా, గిటారు ఇననీకి పోతున్న."

"గిటారు కోసం యాడాది సంది పోతరా ఎవలన్న?"

ఆ మాట నా నోటితో చెప్తుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. పిల్ల చేజారుతుందని నిజంగానే భయమేసింది.

"గీ ఐతారం నేను గూడ వస్త" అంది అమ్మ.

వచ్చింది. కొంగు తలమీద కప్పుకొని ఆడవాళ్లలో ముందు వరుసలో కూర్చుంది. ప్రార్థనప్పుడు మెకానిక్ తీగలను మెల్లగా మీటుతూనే ఉన్నాడు. నేను ఎప్పటిలాగే ఆయన కుడి చేతినే చూస్తూ కూర్చున్నాను. అమ్మ వైపు తిరిగే ధైర్యం లేకపోయింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక, "గా ఏడ్చినట్టు మోగుతదే, నీకు గావాల్సింది గదే గదా?" అంది.

"అవునమ్మా."

"గొర్రె బొచ్చు పక్కకు నూకి గోమారి పురుగును ఎట్ల పడతం? గట్లనే. వేలితోని తీగను ఒత్తి పక్కకు నూకుతుండు. నూకితె ఎక్కుతాంది, ఇడిస్తె దిగుతాంది." నా ముంజేతి మీద తోలు వేలితో నెట్టి చూపించింది. ఏడాదిగా నేను వెతుకుతున్నది ఆమెకు ఒక్క పూటలో దొరికింది. నాకు సంతోషమూ, కొంచెం కుళ్లూ కలిగాయి.

"మరి నా మాట నమ్మినవా?" అని అడిగాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

మర్నాడు పిల్ల తండ్రి వచ్చాడు. బాపు ఇంకా రాలేదు కాబట్టి మాట్లాడాల్సింది అమ్మే.

"అక్కా, పిల్లగాడు మతం మారిండని అంటున్నరు" అన్నాడాయన.

"మారలే తమ్మీ. నేనే పోయి చూసొచ్చిన. ప్రార్థనప్పుడు అందరు కండ్లు మూసుకున్నరు. వీడొక్కడు తెరుసుకొని గా వాయించెటాయన చేతులే చూసిండు. మా మల్లన్నకు పట్నమేసి కొలిచెటప్పుడు గూడ గింతే, దేవుని దిక్కు చూడడు, డోలు దిక్కే చూస్తడు."

"అందరు కండ్లు మూసుకుంటె మరి నీకెట్ల తెలిసిందక్కా?"

"నేను వీన్నే చూసుకుంట కూసున్న గద" అంది అమ్మ.

ఆయన నవ్వేశాడు. ముహూర్తం అనుకునేటప్పుడు ఆదివారం వద్దని ఒక్కటే అడిగాను, మెకానిక్ పెళ్లికి రావాలి కదా.