చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి: ఏ కారు చవక?

మా నాయన పది రూపాయల కోసం పది అంగళ్ళు తిరిగే మనిషి. చిక్కబళ్ళాపురంలో మాది బేడల వ్యాపారం, కందిపప్పు, శనగపప్పు అమ్ముతాం. అలాంటి మనిషి నాకు కారు కావాలనగానే, "ఎలక్ట్రిక్‌ది తీసుకోమ్మా, పెట్రోలు కారు కన్నా ఎక్కువయ్యే మూడు లక్షలు నేనిస్తా" అన్నాడు. విత్తనాల కంపెనీ ఉద్యోగంలో బాగేపల్లి, చింతామణి డీలర్ల దగ్గరికి బస్సుల్లో తిరిగి తిరిగి నా నడుం విరిగింది. నెల కంతులు కట్టేది నేనే కాబట్టి ముందు లెక్క తేల్చుకుందామనుకున్నాను. పోయిన వారం మా అన్న పెట్రోలు కారులో, ఈ వారం మా చిన్నాయన దగ్గర అడిగి తెచ్చిన ఎలక్ట్రిక్ కారులో ఒకే దారి తిరిగాను.

పొద్దున ఏడింటికి బయలుదేరితే హైవే మీద బాగేపల్లి గంట లోపే. టోల్ రెండు కార్లకూ ఒకటే. అక్కడి హైవే హోటల్లో చార్జర్ ఉంది. నాకు అవసరం లేకపోయినా బయట ఎంతవుతుందో చూద్దామని పెట్టాను. యూనిట్‌కు ఇరవై రూపాయల పైనే. ఇంట్లో అయితే అందులో మూడో వంతు. దోసెలు పోస్తున్నామె నన్ను చూసి నవ్వింది. "ఈ కార్లోళ్ళు వచ్చినాక రొండు దోసెలు తినేటోళ్ళు నాలుగు తింటాండారమ్మా. ఊరికే కూచోని ఏం చేస్తారు, పాపం!" నేనూ మూడు తిన్నాను.

చింతామణి దారిలో చేలూరు దగ్గర ఎండ మండిపోతోంది. నీడ చూసి కారాపి, కొబ్బరిబోండం కొట్టించుకున్నాను. ఫోన్ మోగింది. నాయన.

"ఏమ్మా, చేలూరులో నిలిచిపోయినావే? బండికేమన్నా అయిందా?"

"చేలూరని నీకెట్ల తెలుసు నాయనా?"

"కారు యాడుండేదీ చిన్నాయన ఫోన్లో యాప్‌లో కనపడ్తాండాది కదా. చూసి చెప్పినాడు. నీది వచ్చినాక నా ఫోన్లోనే పెట్టించుకుంటాలే."

ఎంత మామూలుగా అన్నాడో! ఆ మూడు లక్షలు దేనికో అప్పుడు తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బోండం సగంలోనే పారేసి కారెక్కాను.

చింతామణి డీలరు కారు చుట్టూ తిరిగి చూశాడు. "మంచిదే తీసుకోమ్మా. మా అల్లుడు పెట్రోలు పోయించలేక ఏడుస్తాండాడు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. శిడ్లఘట్ట మీదుగా ఇల్లు చేరేసరికి మొత్తం నూట నలభై కిలోమీటర్లు. పెట్రోలుకు దాదాపు తొమ్మిది వందలైంది. ఎలక్ట్రిక్‌కు ఇంటి కరెంటు అయితే నూట ముప్ఫై, అంతా బయటే చార్జ్ చేసుకున్నా నాలుగు వందల చిల్లర. లెక్కలో ఎలక్ట్రిక్ కారుదే గెలుపు.

ఇంటికి రాగానే నాయనను అడిగేశాను. "అన్న కారు యాడ తిరిగేదీ నీ ఫోన్లో కనపడ్తాదా?"

"వాడు మొగోడు కదమ్మా. ఇదైతే నువ్వు రాత్రికి ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టుకోవల్ల. నాకు ధైర్యంగా ఉంటాది."

"భయమైతే ఫోన్ చెయ్యి నాయనా, ఎత్తుతా. యాప్ మాత్రం నా ఫోన్లోనే ఉంటాది."

మరుసటి రోజు మూడు లక్షల సంగతి నాయనను అడిగితే "చూద్దాంలే" అన్నాడు. మా అంగట్లో ఆ మాటకు లేదనే అర్థం.

నా జీతానికి అందింది పాత పెట్రోలు కారు. అదే కొనుక్కున్నాను. బంకు దగ్గర డబ్బు కట్టిన ప్రతిసారీ కడుపు మండుతుంది. ఎక్కడ ఆగానో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా తిరగడానికి ట్రిప్పుకు ఏడు వందలకు పైగా ఎక్కువ కడుతున్నాను. ఎవరూ అడగకుండా తిరిగే ఆ వీలు మా అన్నకు మాత్రం ఉచితం.

ఎలక్ట్రిక్ కారు కొనబోయే అమ్మాయిలకు ఒక మాట. కారు చేతికిచ్చే రోజు షోరూమ్‌లో యాప్‌కు మీ నంబరే ఇవ్వండి, పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. డబ్బు సాయం చేస్తామన్న వాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పండి. అప్పటికీ ఇస్తామంటేనే ఆ డబ్బును లెక్కలో వేసుకోండి.