పెలికన్స్ వారి పెళ్లికానుక

సత్యవేదం ఫోన్ చేసేసరికి బంగారురాజు చేపల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి వెదురుకర్రకు మేత సంచి కడుతున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి, పుట్టిందీ పెరిగిందీ కొల్లేటి లంకలోనే కాబట్టి ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఫోను పట్టుకోవడం ఆయనకు లెక్కలోది కాదు. కానీ అవతలి మాట వినగానే సంచి జారి తవుడంతా నీళ్లపాలైంది.

"ఒరే రాజూ! మన రికార్డు దొరికిందిరా!" తాడేపల్లిగూడెం నుంచి సత్యవేదం గొంతు చిన్నపిల్లాడిలా ఎగురుతోంది. "ఏలూరులో సుప్రియ గారని, బ్యాంకులో ఉద్యోగం. పాత రికార్డులంటే పిచ్చి ఆవిడకి. జంగారెడ్డిగూడెంలో మూసేసిన రేడియో షాపు సామాన్లలో దొరికిందంట. ఇంటర్నెట్టులో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో వింటున్నారంటరా! కాకపోతే పెద్ద గీత పడి, రెండో చరణం ఎగిరిపోతోంది. గీత లేనిది ఇంకోటి దొరికితే కొత్తగా ప్లేట్లు వేయిస్తానంటోంది. నేనేవన్నానో తెలుసా? కొల్లేటి లంకల్లో ఇంటింటా ఉందండీ, మావాడు పెళ్లి పెళ్లికీ పంచాడండీ అన్నాను. ఆదివారం వస్తున్నాం. నువ్వు ఇళ్లు చూపించు, చాలు."

పెళ్లి పెళ్లికీ పంచడమన్నది శుద్ధ అబద్ధం మరి. ఆ అబద్ధం ఆడింది బంగారురాజే. ఒకసారి కాదు, నలభై నాలుగేళ్లపాటు.

పెలికన్స్ అంటే ఇవాళ ఎవరికి తెలుస్తుంది! తాడేపల్లిగూడెంలో లారీలు బాగుచేసే రేకుల షెడ్డులో పుట్టిన బ్యాండు అది. సత్యవేదం అక్కడ మెకానిక్కు. రేడియోలో విన్న ఇంగ్లీషు పాటలు తలకెక్కి, పాత గిటారుకు లారీ కాయిల్ బిగించి కరెంటు గిటారు చేశాడు. అది పాడుతుంటే పక్క షెడ్డువాళ్లు ఏదో ఇంజను బేరింగు పోయిందనుకుని పరిగెత్తుకొచ్చేవారు. చర్చిలో హార్మోనియం వాయించే ప్రేమ్‌కుమార్ వచ్చి కలిశాడు, పాపం, పోయి పదేళ్లయింది. కొల్లేటి నుంచి చేపల లారీ మీద క్లీనరుగా వచ్చిపోయే బంగారురాజు ఒకరోజు ఖాళీ ఆయిల్ డ్రమ్ము మీద దరువేశాడు. అంతే, లారీ వెళ్లిపోయినా అతను వెళ్లలేదు. కొల్లేటి గూడబాతుల ఇంగ్లీషు పేరే బ్యాండుకు పెట్టింది కూడా అతనే.

ముగ్గురూ మద్రాసు వెళ్లి ఒక్క పాట రికార్డు చేసుకొచ్చారు. "ఐసు కరిగేలోగా ఇంటికి చేర్చు డ్రైవరన్నా" అన్నది పల్లవి. ఎంత బాగుందో! కానీ ఒక్కరూ కొనలేదు. షాపులవాళ్లు మొహం మీదే నవ్వి కట్టలు తిరిగి చేతిలో పెట్టారు. అప్పుడు సత్యవేదం కళ్లనీళ్లు పెట్టుకుని అన్నాడు: "ఇవి ఇక్కడ నా కళ్ల ముందుంటే బతకలేన్రా రాజూ. మీ లంకల్లో పెళ్లిళ్లకి కానుకగా చదివించెయ్. నా పాట ఏదో ఇంట్లో ఉందన్న తృప్తి మిగుల్తుంది."

బంగారురాజు మూడొందల రికార్డులూ పడవలో వేసుకుని ఊరొచ్చాడు. ఆ తర్వాత ఇంజను సామాన్ల కోసం తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడల్లా ఒక పెళ్లి కథ పట్టుకెళ్లేవాడు. సత్యవేదం భార్య పోయిన ఏడాదైతే నెలకొక కథ మోశాడు, పాపం. వింటున్నంతసేపూ సత్యవేదం మొహంలో వెలుగు కనిపించేది. ఆ వెలుగు చూసి వచ్చిన రోజు బంగారురాజుకు అన్నం హితవయ్యేది కాదు.

"చెప్పెయ్యండి" అంది భార్య సత్తెమ్మ శనివారం, వల చిక్కులు తీస్తూ. "ఎన్నాళ్లని దాస్తారు?"

"డెబ్బై ఏళ్లొచ్చాయే వాడికి. ఉన్న ఒక్క సంతోషం లాగేసుకోమంటావా?"

"రేపు ఇళ్లిళ్లూ తిరిగి అడుగుతాడు. అందరూ లేదు, తెలీదు అంటారు. అది అలా పదిమంది నోట వినడం కంటే మీ నోట వింటేనే నయం కదండీ."

ఆవిడ మాట నిజమని బంగారురాజుకు తెలుసు, అందుకే ఒళ్లుమండింది కూడా.

ఆదివారం పొద్దున్నే ఆటో దిగారు. సత్యవేదం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకు రంగు కూడా వేసుకున్నాడు. వెనకే సుప్రియ, ముప్పై ఏళ్ల పిల్ల, భుజాన బ్యాటరీతో నడిచే చిన్న రికార్డు ప్లేయరు.

"నమస్కారమండీ. మీ డ్రమ్ము దరువు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదండీ" అంది.

మామూలప్పుడైతే బంగారురాజు ఆ మాటకు వారం రోజులు నేలమీద నడిచేవాడు కాదు. ఇప్పుడు మాత్రం తల దించుకున్నాడు.

"ముందు ఎవరింటికి?" సత్యవేదం చేతులు రుద్దుకుంటున్నాడు. "ఆ మంచాన పడ్డ ముసలమ్మ ఇంటికి పోదాంరా. మన పాట వేస్తే కాలు కదిపిందన్నావే! వాళ్ల మనవలుంటారుగా?"

బంగారురాజు అతని మోచేయి పట్టుకుని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాడు.

"సత్యం. ఆ ముసలమ్మ లేదురా."

"పోయిందా?"

"పోలేదు. అసలు లేదు. నేను కల్పించాను."

సత్యవేదం నవ్వబోయి ఆగిపోయాడు. "మరి రికార్డు పెట్టుకుని వింటూ ఏడ్చాడన్నావే, కళ్లు లేని మాస్టారు?"

"ఆయనా లేడు."

"కవలపిల్లల పెళ్లి? ఇద్దరికీ చెరొకటి ఇచ్చానన్నావు."

"లేదురా."

"మా ఆవిడ సువార్తమ్మ పోయిన ఏడాది... ఆ పడవలో పెళ్లి? ఊరేగింపంతా మన పాటే మోగిందన్నావే. అది నాకెంత... అదీ లేదా?"

"లేదు. నీ మొహం చూసి చెప్పాను. చూడలేక చెప్పాను."

సత్యవేదం గట్టు మీద అలాగే కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాకు మట్టి అంటింది. "మరి మూడొందలూ ఏం చేశావు?" అన్నాడు.

ఇది చెప్పడం ఇంకా కష్టం. బంగారురాజు చెరువు వైపు చెయ్యి చూపించాడు. "ఇక్కడే కట్టాను. అప్పుడు నాన్న కొత్తగా చెరువు తవ్వించాడు. నీటికాకులూ గూడబాతులూ పిల్లచేపల్ని బతకనివ్వట్లేదు. మధ్యలో చిల్లు ఎలాగూ ఉంది కదాని నైలాన్ తాడుకు గుచ్చి చెరువంతా కర్రలు పాతి వేలాడదీశాను. గాలికి తిరుగుతూ తళతళలాడేవి. పక్షులు రెండు రోజులు బెదిరాయి. మూడో రోజునుంచి గూడబాతులు వచ్చి ఆ కర్రలమీదే కూర్చున్నాయి. ఆ ఏడు తుఫానుకు కర్రలతో సహా అన్నీ కొట్టుకుపోయాయి."

"పెలికన్స్ పాటతో పెలికన్లను తోలావా?" అన్నాడు సత్యవేదం. "మూడొందల ఇళ్లలో నా గొంతుందనుకుని బతికానురా నేను. షెడ్డు పోయినా, సువార్తమ్మ పోయినా, ఎక్కడో లంకల్లో నేనున్నాననుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి, ఒక్క పెళ్లికి ఇవ్వలేకపోయావా?"

"ఒక్కటి ఇచ్చాను."

"ఇంకా అబద్ధాలా!"

"సత్తెమ్మ మీదొట్టు. వరసకి చెల్లెలవుతుంది, రత్నం. దాని పెళ్లిలో ఇచ్చాను. అప్పటికి లంకల్లో కరెంటే సరిగా లేదు, ప్లేయరు ఎక్కడిది? చదివింపులు మైకులో చదివేవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'బంగారురాజు గారు, నల్ల పళ్లెం ఒకటి' అని చదివాడు. పందిరి పందిరంతా గొల్లున నవ్వింది. పిల్లలు నా వెంటపడి నల్ల పళ్లెం, నల్ల పళ్లెం అంటూ ఊరంతా తిరిగారు. తల కొట్టేసినట్టయిందిరా. ఇంకో పెళ్లికి పట్టుకెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. నీకు ఆ మాట చెప్పడానికి అసలే చెల్లలేదు."

సత్యవేదం లేచి, ఆటో వైపు నడిచాడు. బంగారురాజు వెనకాల వెళ్లే ధైర్యం చేయలేదు. నలభై నాలుగేళ్ల స్నేహం అలా వీపు చూపించి వెళ్తుంటే ఆయనకు ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

అంతా దూరం నుంచి విన్న సుప్రియే సత్యవేదానికి అడ్డం వెళ్లింది. "ఆ రత్నం గారిల్లు ఎక్కడండీ? ఇంతదూరం వచ్చాం, ఒక్క ఇల్లు చూసి వెళ్దామండీ."

రత్నం ఇల్లు రెండు వీధుల అవతల. దారిలో సత్యవేదం ముందు, బంగారురాజు పది అడుగుల వెనక నడిచారు. రత్నం అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. సుప్రియ సంగతి చెప్పగానే చేతులు తుడుచుకుని లేచింది.

"అన్నయ్య చదివించిన పళ్లెమా? ఎందుకు లేదండీ!" అంటూ ట్రంకుపెట్టె తీసింది. పెళ్లి పట్టుచీర మడతల మధ్య, అట్ట కవరు నలగకుండా ఉంది రికార్డు. "దేనికో తెలీదు గానీ, పుట్టింటివైపు కానుక కదా, పారేస్తామా? వరదొచ్చినప్పుడల్లా ముందు ఈ పెట్టే అటకెక్కించేవాళ్లం."

సుప్రియ రికార్డును వెలుగుకు పట్టి చూసింది. ఒక్క గీత లేదు. ఒక్కసారి కూడా సూది తగలని రికార్డు అది.

ప్లేయరు అరుగు మీద పెట్టి వేసింది. డ్రమ్ము మోగింది. లారీ కాయిల్ గిటారు గరగరమంది. ఇరవై ఆరేళ్ల సత్యవేదం గొంతు చించుకుని పాడుతున్నాడు. గీత వల్ల పోయిన రెండో చరణం నిక్షేపంలా వచ్చింది. సత్యవేదం ప్లేయరు వైపు చూడటం లేదు, రత్నం మొహమే చూస్తున్నాడు. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని కదలకుండా వింది. పాట అయిపోయాక అంది:

"ఇన్నాళ్లూ ఇంట్లో ఇంత పాట పెట్టుకుని పడుకున్నానా! ఇంకోసారి వెయ్యండమ్మా."

మూడుసార్లు వేయించుకుంది మహాతల్లి. అప్పటికి వీధి వీధంతా అరుగు ముందు చేరింది. సుప్రియ పాటను తను తెచ్చిన రికార్డింగు యంత్రంలోకి ఎక్కించుకుని రికార్డు తిరిగి రత్నం చేతిలో పెట్టింది. కొత్త ప్లేట్లు సంక్రాంతి వెళ్లాక వస్తాయని చెప్పింది.

"అయితే మాఘమాసంలో మా మనవరాలి పెళ్లికి ఒకటి ఇయ్యండి" అంది రత్నం.

సత్యవేదం అప్పుడు వెనక్కి తిరిగాడు. గుంజకు ఆనుకుని, గుంపు వెనకాల దాక్కున్నట్టు నిలబడ్డ బంగారురాజును చూశాడు. గట్టు దిగాక ఆ వైపు చూడటం అదే మొదలు.

"ఇలా రారా" అన్నాడు.

బంగారురాజు వెళ్లాడు. తిట్టినా పడటానికే వెళ్లాడు.

"ఆ పందిట్లో అంతమంది నవ్వుతుంటే ఒక్కడివే నిలబడ్డావు. నేను గూడెంలో హాయిగా కూర్చున్నాను." సత్యవేదం అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మాఘమాసంలో నేనూ వస్తాను. మైకులో నేనే చదువుతాను, నువ్వు నా పక్కన నిలబడు. నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతారు."